వంటింట్లో బలిపీఠం

"ఆ గౌను ఎవరిదని అడుగుతున్నాను."

గ్రోన్యా మూడోసారి అడిగింది. అత్తగారు బ్రీజీ మంచం అంచున కూర్చుని తాపీగా మేజోళ్ళు తొడుక్కుంటోంది. మొదటి రెండుసార్లూ ఆవిడకి వినపడలేదు. కావలసినప్పుడు వినపడకుండా పోయే చెవులు ఆవిడవి.

బీరువా లోపల కొక్కేనికి వేలాడుతోంది గౌను. తెల్లటిది. ముంజేతుల దగ్గర లేసు, వీపు మీద ముత్యాల్లాంటి గుండీలు. కింద తెల్లటి జోళ్ళు, ఎనిమిదేళ్ళ పిల్ల కాళ్ళకి సరిపోయేవి. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్ల క్లోడా ఒక్కతే.

బల్ల మీద పరిచే తెల్ల దుప్పటి కోసం వచ్చి తెరిచింది గ్రోన్యా ఆ బీరువా. పది గంటలకి పూజ, ఫాదర్ ఊళ్ళో ఇంటింటికీ వంతులవారీగా వచ్చి చేసేది. ఇంకా గంటన్నర కూడా లేదు.

"అరవకు. వంటింట్లో జనం ఉన్నారు," అంది బ్రీజీ.

"అరవడం లేదు."

"నీ గొంతు నీకు తెలీదమ్మాయ్. రెండేళ్ళుగా మీటింగుల్లో అరిచి అరిచి అదే నీ మామూలు గొంతు అనుకుంటున్నావు."

"అత్తయ్యా, ఆదివారం మనం ఏమనుకున్నాం? వంతు మనింటికొచ్చింది, పోయిన మామయ్య పేరు మీద పూజ జరగాలి అన్నారు. సరే అన్నాను. ఇల్లు మీది, చుట్టాలు మీవాళ్ళు, వచ్చినవాళ్ళకి టీ పోస్తాను, మోకాళ్ళు మాత్రం వంచను అన్నాను. మీరూ సరే అన్నారు. ఈ గౌను సంగతి అప్పుడు నోటికి రాలేదేం?"

బ్రీజీ రెండో మేజోడు అందుకుంది. దాన్ని మోకాలి దాకా లాక్కుంది.

"ఇవాళ పూజలో పిల్ల మొదటిసారి సత్ప్రసాదం తీసుకుంటుంది. ఫాదర్‌తో మాట్లాడాం," అంది చివరికి.

"మాట్లాడాం అంటే ఎవరెవరు?"

బ్రీజీ మేజోడు ముడతలు సర్దుకుంది.

"సరే, మీ లెక్కలోనే అడుగుతాను. జ్ఞానస్నానం లేని పిల్లకి సత్ప్రసాదం ఎలా ఇస్తారు?"

"లేదని ఎవరన్నారు?"

గ్రోన్యాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బీరువా తలుపు గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడు?"

"పుట్టిన పదకొండో రోజున. నువ్వు పంటినొప్పని టౌనుకి వెళ్ళావు చూడు, ఆ రోజు."

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి? మన వంటింట్లో, సింకు దగ్గర. చన్నీళ్ళు పొయ్యలేదులే, కంగారుపడకు. కెటిల్లో కాస్త వెచ్చబెట్టే పోశాను. చక్కగా చూస్తూ పడుకుంది, కుయ్యిమనలేదు."

ఎనిమిదేళ్ళు ఒకే కప్పు కింద కలిసి తిన్నారు. రోజుకి నాలుగుసార్లు ఆ సింకులో గిన్నెలు కడిగింది తను.

"ఇంక మొత్తం నా మీదే పడకు," అంది బ్రీజీ. "మీ అమ్మా పోసింది."

"ఏంటి?"

"డబ్లిన్‌లో, మీ ఇంట్లో స్నానాల తొట్టిలో. నెల తిరక్కుండానే. నాకు ఫోన్ చేసి చెప్పుకుని ఏడ్చింది పాపం. రెండోసారిది చెల్లదన్నారు ఫాదర్. నాదే చెల్లుతుంది."

ఆ చివరి మాటలో బ్రీజీ గొంతులో గర్వం తొణికింది. గ్రోన్యాకి నవ్వొచ్చింది. దేవుణ్ణి నమ్మని తల్లి కడుపున పుట్టిన పిల్లకి ఇద్దరు ముసలమ్మలు ఒకరికి తెలీకుండా ఒకరు నీళ్ళు పోశారు. తరవాత ఫోన్లో కూర్చుని ఎవరిది చెల్లుతుందో తేల్చుకున్నారు. తల్లికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

"గుడి విచారణ పుస్తకంలో పేరు రాయించారా?"

"రాయించకపోతే ఎలా? చేసిన పనికి రుజువుండొద్దూ?"

ఊరి బడిని చర్చి చేతుల్లోంచి తప్పించాలా వద్దా అని రేపు జరిగే ఓటు మీద బిషప్ గారు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది గ్రోన్యాకి. కిల్‌తువా ఊరి బడి పిల్లల్లో నూటికి తొంభై మంది మా విచారణలో జ్ఞానస్నానం పొందిన బిడ్డలే, ఈ బడిని మా చేతుల్లోంచి తీసుకునే హక్కు ఎవరికీ లేదు అని రాశారు అందులో. ఆ లెక్క అబద్ధమని ఇంటింటికీ తిరిగి వాదించింది తను. జీతాలు ప్రభుత్వానివి, కట్టడం ప్రభుత్వానిది, తాళంచెవి మాత్రం బిషప్ గారిదా అని గుమ్మం గుమ్మంలో నిలబడి అడిగింది. ఆ తొంభై మందిలో తన కూతురు కూడా ఉందని ఇప్పుడు తెలిసింది.

"మీకు సిగ్గనిపించలేదా అత్తయ్యా?"

బ్రీజీ లేచి అద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకుంది. "అది చచ్చిపోతే ఎక్కడికి పోతుందో అని పదకొండు రోజులు నిద్రపోలేదు నేను. నువ్వు హాయిగా నిద్రపోయావు. సిగ్గు ఎవరికుండాలి?"

*

వంటింట్లో కోల్మన్, పక్కింటి నోరీన్ మొగుడు కలిసి భోజనాల బల్లని పైకెత్తి, నాలుగు కాళ్ళ కిందా నాలుగు ఇటుకలు పెడుతున్నారు. ఫాదర్ వంగి పూజ చేస్తే నడుం పడుతుందట. గోడలకి కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. ఫాదర్ వాడతాడో వాడడో తెలియని స్నానాల గదికి కొత్త కుళాయిలు కూడా వచ్చాయి. అయిదేళ్ళుగా కారుతున్న కుళాయిలు మార్చమంటే డబ్బుల్లేవన్న మొగుడు, వంతు వచ్చేసరికి రెండు రోజుల్లో మార్చేశాడు.

కిందటి వంతు వాళ్ళింటి నుంచి వచ్చిన పూజ సామాను పెట్టె తెరిచి నోరీన్ సిలువ తుడుస్తోంది. బడిని మార్చాలన్న కాగితం మీద ఊళ్ళో అందరికంటే ముందు సంతకం పెట్టింది ఈ నోరీనే.

గ్రోన్యా చూపు చూసి నోరీన్ మొహమాటంగా నవ్వింది. "ఓటు రేపు కదా వదినా. పూజ ఇవాళ. అదీ ఇదీ వేరు."

"రేపు ఎటు వేస్తావు?"

"అయ్యో, ఇప్పుడా అడగడం?" అని సిలువ మీదకి వంగిపోయింది నోరీన్.

గ్రోన్యా మొగుడి భుజం మీద తట్టింది. "బయటికి రా."

"ఈ ఒక్క ఇటుకా..."

"ఇటుక తరవాత. రా."

దూడల కొట్టంలోకి నడిచారు ఇద్దరూ. కోల్మన్ పండగ చొక్కా వేసుకున్నాడు. పేడ అంటకుండా గోడకి దూరంగా నిలబడ్డాడు. ఆ జాగ్రత్త చూసే సగం ఒళ్ళు మండింది గ్రోన్యాకి.

"అమ్మ చెప్పిందా?" అన్నాడు నేల చూస్తూ.

"అంటే నీకు తెలుసన్నమాట."

"ఎప్పటికైనా చెబుదామనే..."

"ఎప్పటికైనా అంటే? దాని పెళ్ళికా?"

ఒక దూడ వచ్చి కోల్మన్ చేతిని నాకింది. చేతిని అలాగే దానికి వదిలేశాడు.

"తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం లేకుండా ఫాదర్ సత్ప్రసాదం ఇవ్వడు. నువ్వే పెట్టావు కదూ?"

"పెట్టాను."

"ఎందుకు?"

"అమ్మ ఏడ్చింది."

"నేనూ ఏడిస్తే ఏ కాగితం మీద సంతకం పెడతావు?"

"నీకు ఏడుపు రాదు గ్రోన్యా. నీకు కోపమే వస్తుంది."

"నువ్వు నమ్ముతావా చెప్పు. ఆ అప్పం ముక్క దేవుడవుతుందని నమ్ముతావా? క్రిస్మస్ తరవాత ఒక్కసారైనా గుడి గడప తొక్కావా?"

"నమ్మడం సంగతి ఇక్కడ ఎవడిక్కావాలి?" కోల్మన్ మొదటిసారి తలెత్తాడు. "నోరీన్ మొగుడు నమ్ముతాడా? లోపల బల్ల ఎత్తుతున్నవాళ్ళలో ఎవడు నమ్ముతాడు? ఊళ్ళో పుట్టాం, ఊళ్ళో పోతాం. మధ్యలో ఊరు చేసేది చేస్తాం. నీకొక్కదానికే ప్రతిదానికీ అర్థం కావాలి."

ఇన్నేళ్ళుగా ఇతనితోనా కాపురం చేసింది అనిపించింది గ్రోన్యాకి. నమ్మి చేసేవాళ్ళతో వాదించవచ్చు. బ్రీజీ పదకొండు రోజులు నిద్రపోలేదంటే ఆ భయం నిజం, ఆవిడ మీద కోపం తెచ్చుకోవచ్చు. ఏమీ నమ్మకుండా సంతకం పెట్టే ఈ మనిషిని చూస్తే ఒట్టి రోత పుట్టింది.

"రేపు ఓటుకి ముందు హాల్లో నేను లేచి మాట్లాడాలి," అంది. "నిన్ననేగా ఈవిడ కూతురు ఈవిడ వంటింట్లోనే నాలుక చాపింది అని ఊరంతా నవ్వదా? మేలో బడి పిల్లలందరూ గుళ్ళో కలిసి తీసుకుంటారు కదా, ఇది ఇవాళే ఎందుకు? ఎవరి ఆలోచన ఇది?"

"ఎవరి ఆలోచనా కాదు. వంతు ఈ వారం పడింది. అంతే."

"అంతేనా?"

"సరే, ఫాదరే అన్నారు. ఇంటి పూజలో అయితే నలుగురి మధ్యా చిన్నగా అయిపోతుంది, గుళ్ళో అయితే నీకు ఇంకా కష్టం అన్నారు. నీ గురించే ఆలోచించారు ఆయన."

గ్రోన్యా కొట్టం తలుపు వైపు తిరిగింది.

"నువ్వొకటి చూడవు," అన్నాడు కోల్మన్, గొంతు తగ్గించి. "రోజూ మతపాఠం జరిగే అరగంటా అది క్లాసులో వెనక బెంచీ మీద ఒక్కతే కూర్చుని బొమ్మలకి రంగులు వేస్తుంది. మిగతా పిల్లలు పాటలు పాడుతుంటే గోడవైపు తిరిగి కూర్చుంటుంది. నువ్వు ఓటు గెలిచి, బడి మారి, కొత్త పుస్తకాలు వచ్చేసరికి అది పెద్దదైపోతుంది. నీ పోరాటం కోసం ఆ పిల్ల వెనక బెంచీలో కూర్చుంది. దాన్ని ఎవరైనా అడిగారా?"

ఆ దెబ్బ తగిలింది. తగిలిందని అతనికి తెలియనివ్వలేదు.

"పూజ ఆపించెయ్ అయితే," అన్నాడు. "వెళ్ళి అందర్నీ ఇళ్ళకి పొమ్మను. మా నాన్న పేరు చదవడానికి వీల్లేదని చెప్పు."

ఆపడం ఆమె వల్ల కాదని అతనికి తెలుసు. చచ్చిపోయిన మామగారి పూజని కోడలు ఆపిందంటే రేపు ఒక్క ఓటు పడదు. తెలిసే అన్నాడు. పేడ అంటని చొక్కాతో ముందు నడిచి వెళ్ళిపోయాడు.

*

క్లోడా గదిలో నేల మీద కూర్చుని ఉంది. జుట్టుకి ఉంగరాలు తిరగాలని నానమ్మ రాత్రే గుడ్డపీలికలు చుట్టింది. తలంతా ముళ్ళు ముళ్ళుగా ఉంది. అమ్మ మొహం చూడగానే దానికి సంగతి తెలిసిపోయింది.

"గౌను చూశావా?"

"చూశాను."

"తిడతావా?"

"తిట్టను. ఇలా రా."

గ్రోన్యా కూడా నేల మీదే కూతురి పక్కన చతికిలబడింది. వంటింట్లోంచి కప్పులు సర్దుతున్న చప్పుడు వస్తోంది.

"నీకు ఇష్టమేనా క్లోడా? నాన్న కోసం కాదు, నానమ్మ కోసం కాదు. నీకు."

క్లోడా బాగా ఆలోచించింది. "పాటలు ఇష్టం. గౌను కొంచెం గుచ్చుకుంటుంది. జపాలన్నీ నాకొచ్చు, వెనక బెంచీలోంచి విని నేర్చుకున్నాను. మా క్లాసు ఐలిష్ కంటే నాకే బాగా వచ్చు." కొంచెం దగ్గరికి జరిగింది. "ఒకటి చెప్పనా? ఎవరికీ చెప్పకూడదు. నానమ్మకీ, నాన్నకీ, ఎవ్వరికీ."

"చెప్పను."

"నిజంగా?"

"నిజంగా. నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

క్లోడా తల అడ్డంగా ఊపింది. ఊపితే గుడ్డపీలికలు కదిలాయి.

"నేను పాపసంకీర్తనం చేశాను. మూడు వారాలైంది. నువ్వు ఇంటింటికీ కాగితాలు పంచడానికి వెళ్ళావుగా, ఆ శనివారం. నానమ్మ గుడికి తీసుకెళ్ళింది, గళ్ళ తలుపు వెనక ఫాదర్ కూర్చున్నారు. ఏ పాపాలు చెప్పాలో నాకు తెలీలేదు. ఐలిష్ తమ్ముణ్ణి కొట్టింది, నాకు తమ్ముడు లేడు. ఎంత వెతికినా ఒక్కటే దొరికింది."

"ఏంటది?"

"నీకు చెప్పకుండా దాస్తున్నానని. నానమ్మతో గుడికొచ్చానని, గౌను కొన్నారని, అన్నీ."

"ఫాదర్ ఏమన్నారు?"

"అది పాపం కాదన్నారు. అమ్మకి చెబితే అమ్మ బాధపడుతుంది, చెప్పకుండా ఉండటం అమ్మకి నువ్వు చేసే సాయం అన్నారు. ప్రాయశ్చిత్తంగా ఒక మంగళవార్త జపం చెప్పుకోమన్నారు." క్లోడా వేళ్ళతో కార్పెట్ పీకుతోంది. "పాపం కాకపోతే జపం ఎందుకు చెప్పమన్నారు మమ్మీ?"

గ్రోన్యా దాని వేళ్ళని తన చేతిలోకి తీసుకుంది.

"రోజూ కడుపునొప్పి వచ్చేది నాకు. నువ్వు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళావు చూడు, దానికే. డాక్టర్ పాలు మానెయ్యమన్నాడు. పాల వల్ల కాదు."

కూతుర్ని దగ్గరికి లాక్కుంది గ్రోన్యా. నెల రోజులుగా పాలు లేని టీ, పాలు లేని గంజి పెడుతోంది. పెడుతుంటే ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళకి తెలుసు. ఆయనకి కూడా తెలుసు, ఆ గళ్ళ తలుపు వెనక కూర్చుని తియ్యగా మాట్లాడిన ఆయనకి. ఎనిమిదేళ్ళ పిల్ల తల్లికి అబద్ధమాడలేక వెళ్ళి చెప్పుకుంటే, పరవాలేదు ఆడమ్మా అని వీపు తట్టి పంపాడు. థూ అనిపించింది. అంత అసహ్యం ఆమెకి జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

"నువ్వు వద్దంటే తీసుకోను," అంది క్లోడా ఆమె భుజంలోకి. "గౌను వెనక్కి ఇచ్చెయ్యొచ్చట, ఐలిష్ వాళ్ళమ్మ చెప్పింది. నువ్వు చెప్పు, వద్దా?"

అంతే. ఒక్క మాట చాలు. పిల్ల తన చేతుల్లోనే ఉంది.

కానీ పెద్దయ్యాక నువ్వే తేల్చుకుందువు గాని అని ఎనిమిదేళ్ళుగా చెప్పింది తనే. ఇప్పుడు వద్దు అంటే బ్రీజీకీ తనకీ తేడా ఏమిటో ఆమెకి వెంటనే తట్టలేదు.

"అయిదు నిమిషాలు ఇవ్వు నాకు. వచ్చి చెబుతాను. మనిద్దరమే తేల్చుకుందాం."

"సరే," అంది క్లోడా. దాని మొహం తేటపడింది. నెల రోజుల తరవాత మొదటిసారి.

*

నడవలో ఫాదర్ డెవానీ బూట్లు పట్టా మీద తుడుచుకుంటున్నాడు. బొద్దు మనిషి, ఎర్రటి బుగ్గలు, ఎవరింట్లో కుక్క పేరేమిటో కూడా గుర్తుంచుకునే మనిషి. ఆయన్ని ద్వేషించడం ఎప్పుడూ సులువు కాలేదు గ్రోన్యాకి.

"ఇల్లు కళకళలాడిపోతోందమ్మా. నా వల్ల మీకు బోలెడు చాకిరీ."

"ఒక సంగతి అడగాలి ఫాదర్. మూడు వారాల కింద శనివారం మా పిల్ల మీ దగ్గరికొచ్చింది."

ఆయన బూటు పట్టా మీదే ఆగిపోయింది.

"దానికి మీరేం చెప్పారు?"

"అలా వచ్చేవాళ్ళు ఎవరొచ్చారో కూడా నేను చెప్పకూడదు. నీకు తెలుసు."

"నేను దాని తల్లిని."

"పోప్ గారే వచ్చి అడిగినా అంతే. అక్కడ నేను గోడని తల్లీ. గోడకి చెవులే ఉంటాయి, నోరుండదు." ఆయన గొంతులో వెటకారం లేదు. అలసట ఉంది. "నన్ను ఎన్నయినా అను. నా తరఫున నేను చెప్పుకోవడానికి కూడా వీల్లేదు."

బ్రీజీ ఎదురొచ్చి ఆయన కోటు అందుకుంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. జనం లేచి నిలబడిన కుర్చీల చప్పుడు వినిపించింది.

గ్రోన్యా అక్కడే నిలబడిపోయింది. ఆయన తన తరఫున చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ మాట చెవిలో మళ్ళీ మోగింది. రేపటి హాలు కళ్ళముందుకొచ్చింది. ముందు వరసలో తల్లులు, వేదిక మీద ఫాదర్. మైకు ముందు తను.

పెరటి తలుపు తోసుకుని ఇల్లు వెచ్చబెట్టే నూనె ట్యాంకు వెనక్కి వెళ్ళి ఫింటన్‌కి ఫోన్ చేసింది.

ఫింటన్ టౌనులో సైన్సు మాస్టారు. మానవవాద సంఘం వాడు, జిల్లాలో దేవుడి పేరెత్తకుండా పెళ్ళిళ్ళూ అంత్యక్రియలూ జరిపించేది అతనే. ఈ రెండేళ్ళూ గ్రోన్యా పక్కన నిలబడి గుమ్మాలు ఎక్కి దిగింది అతనొక్కడే.

"నీ గొంతేంటి అలా ఉంది? ఏమైంది?" అన్నాడు.

చెప్పేసింది. సింకు, గౌను, సంతకం. అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. కోపం నోట్లోంచి దానంతటది పోతోంది. శనివారం, గళ్ళ తలుపు, పిల్ల చెప్పుకున్న ఒక్క పాపం, ఫాదర్ ఇచ్చిన సమాధానం, కడుపునొప్పి, పాలు. ఒక్క ముక్క మిగల్చకుండా చెప్పేసింది.

అవతల కారు ఇంజను చప్పుడు వినిపించింది.

"గ్రోన్యా," అన్నాడు ఫింటన్ నెమ్మదిగా, "రేపు మనం గెలిచాం."

"ఏంటి?"

"ఆలోచించు. పిల్లకి తల్లి దగ్గర అబద్ధమాడటం నేర్పాడు. ఏ తల్లి ఊరుకుంటుంది? నమ్మినవాళ్ళు కూడా ఊరుకోరు. పైగా ఆయన కాదనడానికి లేదు! నోరు విప్పితే ఫాదరుగిరీ పోతుంది. నువ్వు చెప్పింది చెప్పినట్టు నిలబడిపోతుంది."

"అది పిల్ల నాకు చెప్పుకున్న మాట ఫింటన్."

"పేరు చెప్పక్కర్లేదు. ఒక పాప అను చాలు."

"ఈ ఊళ్ళో వెనక బెంచీ మీద కూర్చునే పిల్లలు ఎంతమంది? పేరు చెప్పక్కర్లేదా?"

"దాని మంచికేగా! ఇలాంటి పిల్లలందరి మంచికీ! ఒక్క పిల్లకి కాస్త ఇబ్బంది, రేపటితో పోతుంది. వినండయ్యా..." అతను ఎవరితోనో పక్కకి మాట్లాడాడు. "మన ఓటు కమిటీ వాళ్ళం ముగ్గురం కారులో ఉన్నాం. హాలు చూడటానికి వస్తున్నాం. స్పీకర్ మీద పెట్టాను. అందరం విన్నాం. సిగ్గుపడాల్సింది వాళ్ళు, నువ్వు కాదు."

వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "దారుణం, అసలు దారుణం," అంటోంది. ఆ గొంతులో బాధ లేదు. ఉత్సాహం ఉంది.

ఒక్కొక్కరూ పిల్ల మంచికే అంటున్నారు. బ్రీజీ అంది, ఫాదర్ అన్నాడట, ఇప్పుడు ఫింటన్ అంటున్నాడు. అతన్ని తిట్టడానికి నోరు తెరిచింది గ్రోన్యా. నడవలో నిలబడి రేపటి మైకు ముందు తను ఎలా మొదలుపెట్టాలో మొదటి వాక్యం అల్లుకున్నది గుర్తొచ్చింది. ఫోన్ చెయ్యకముందే అల్లుకుంది. ఆ వాక్యం ఇంకా నోట్లోనే ఉంది, చక్కగా కుదిరింది కూడా. తన మీద తనకే రోత పుట్టింది.

"ఎవరికీ చెప్పకండి," అంది. "విన్నారా? ఎవరికీ..."

"మమ్మీ."

గ్రోన్యా వెనక్కి తిరిగింది.

పెరటి గుమ్మంలో క్లోడా నిలబడి ఉంది. కాళ్ళకి మేజోళ్ళు మాత్రమే. తల మీద గుడ్డపీలికలు సగం ఊడి భుజాల మీద పడుతున్నాయి.

"అయిదు నిమిషాలు అయిపోయాయి," అంది క్లోడా.

"ఎంతసేపైంది నువ్వొచ్చి?"

క్లోడా ఏడవలేదు. అమ్మ చేతిలోని ఫోన్ వైపు చూసింది. ఫోన్లోంచి ఫింటన్ హలో హలో అంటున్నాడు.

"క్లోడా, నేను... విను. కోపంలో..."

"నేను నీకొక్కదానికే చెప్పాను."

"తెలుసు. తెలుసు కన్నా. తప్పు చేశాను."

గ్రోన్యా రెండు అడుగులు ముందుకేసింది. క్లోడా ఒక అడుగు వెనక్కి వేసి తలుపు పట్టుకుంది. లోపల వంటింట్లో మాటలు ఒక్కొక్కటే సద్దుమణుగుతున్నాయి. బ్రీజీ గొంతు పిల్ల కోసం పిలుస్తోంది.

"వస్తున్నా నానమ్మా," అంది క్లోడా లోపలికి. మళ్ళీ అమ్మవైపు తిరిగింది. దాని గొంతు మామూలుగానే ఉంది.

"ఫాదర్ అయితే ఎవరికీ చెప్పలేదు."

తలుపు మూసుకుంది.